మూలకోడ్ నుంచి కట్టిన లినక్స్ మొరాయిస్తే...

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో రైల్వే స్టేషన్‌కు దగ్గరగా ఉండే పేట గుఢియారీ. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆంధ్ర తీరానికీ ఈ నగరానికీ మధ్య రాకపోకలకు అది రాజమార్గమైంది. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ మాట్లాడే కుటుంబాలు రాయ్‌పూర్‌కు కొత్త కాదు. అలాంటి ఇంట్లో ఒకే ఒక్క కంప్యూటర్ ఉంటే అది మూడు భాషల్లోనూ పనిచేయాలి.

లినక్స్‌లో ఇది సాధ్యమే. లినక్స్ వ్యవస్థలకు వెన్నెముక వంటి జీలిబ్‌సీ అనే లైబ్రరీ మూలకోడ్‌లో తెలుగుకూ, హిందీకీ, ఛత్తీస్‌గఢీకీ వేర్వేరు లోకేల్ ఫైళ్లు ఉన్నాయి. తేదీలు, వారాల పేర్లు, అంకెలు, అక్షరక్రమం ఆ భాషలో ఎలా ఉండాలో చెప్పే వివరాల పట్టికనే లోకేల్ అంటారు. ఛత్తీస్‌గఢీకి అంతర్జాతీయ ప్రమాణాల్లో 'హెచ్‌ఎన్‌ఈ' అనే మూడక్షరాల సంకేతం ఉంది. రవి రత్లామీగా పేరుపొందిన రవిశంకర్ శ్రీవాస్తవ కేడీఈ డెస్క్‌టాప్‌ను ఛత్తీస్‌గఢీలోకి అనువదించారు. తెలుగులో హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ అలాంటి కృషి చేసింది.

సిద్ధంగా దొరికే లినక్స్‌ను డిస్కులో వేసుకుంటే ఇవన్నీ ఎక్కడో లోపల పనిచేస్తూ ఉంటాయి. మనకు కనిపించవు. అదే లినక్స్‌ను మూలకోడ్ నుంచి మన చేతులతో కట్టుకుంటే ప్రతి భాగమూ కళ్ల ముందుకు వస్తుంది. దానితో పాటు ప్రతి భాగం తాలూకు లోపమూ వస్తుంది. ఆ లోపాన్ని ఎలా వెతకాలి? ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ ప్రశ్నలకు జవాబులు కంప్యూటర్ చదువుకున్నవారికి మాత్రమే పరిమితమైనవి కావు. ఒక వైద్యుడు రోగిని పరీక్షించే పద్ధతికీ, ఒక శాస్త్రవేత్త ప్రయోగశాలలో పనిచేసే పద్ధతికీ వీటితో దగ్గరి చుట్టరికం ఉంది.

మూలకోడ్ నుంచి కట్టడం అంటే?

మనిషి చదవగలిగే భాషలో రాసిన ప్రోగ్రామును మూలకోడ్ అంటాం. దాన్ని యంత్రం అర్థం చేసుకునే సూచనలుగా మార్చే సాధనం కంపైలర్. హోటల్ నుంచి ఇడ్లీ తెచ్చుకోవడం ఒక పద్ధతి. మినప్పప్పు నానబెట్టి, రుబ్బి, పులియబెట్టి, ఆవిరిపై ఉడికించడం ఇంకో పద్ధతి. రెండో పద్ధతిలో ఇడ్లీ గట్టిగా వస్తే తప్పు పప్పులో ఉందా, పులియడంలో ఉందా, ఆవిరిలో ఉందా అన్నది మనమే కనిపెట్టాలి.

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు కంపైలర్‌నూ, ఇతర ముఖ్య సాధనాలనూ అందించింది. ఫిన్లాండ్‌లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో కెర్నల్‌ను రాశాడు. యంత్రంలోని ప్రాసెసర్, మెమరీ, డిస్కులను అదుపులో ఉంచే కీలక భాగమే కెర్నల్. ఈ ముక్కలన్నిటినీ తెచ్చి ఒక్కొక్కటిగా కట్టుకుంటూ పూర్తి వ్యవస్థను నిలబెట్టడం ఎలాగో నేర్పే పుస్తకాన్ని గెరార్డ్ బీక్‌మన్స్ 1999లో మొదలుపెట్టాడు. దాని పేరు 'లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్'. స్వచ్ఛంద కార్యకర్తలు దాన్ని ఇప్పటికీ కొత్త కూర్పులతో నవీకరిస్తున్నారు. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.

ఆ పుస్తకంలో కాలాన్ని కొలిచే తీరు ఆసక్తికరంగా ఉంటుంది. ఏ ప్యాకేజీ ఎన్ని నిమిషాలు పడుతుందో చెప్పలేరు, ఎందుకంటే యంత్రాల వేగాలు వేరు. అందుకని మొదటి ప్యాకేజీ అయిన బిన్‌యుటిల్స్‌ను మీ యంత్రంలో మొదటిసారి కట్టడానికి పట్టిన కాలాన్నే ఒక ప్రమాణంగా తీసుకుంటారు. అది 4 నిమిషాలు తీసుకుంటే, 10 ప్రమాణాల ప్యాకేజీకి సుమారు 40 నిమిషాలు పడుతుందని అంచనా. లోపాలు వెతికేటప్పుడు కూడా ఇది పనికొస్తుంది. 40 నిమిషాలు పట్టాల్సిన పని 2 నిమిషాల్లో ముగిస్తే సంతోషించాల్సిన పని లేదు. ఏదో మధ్యలో ఆగిపోయి ఉంటుంది.

కట్టే క్రమం కూడా ముఖ్యమే. ముందు ఇప్పటికే నడుస్తున్న వేరే లినక్స్ సాయంతో తాత్కాలిక కంపైలర్‌ను కడతారు. దానితో తాత్కాలిక సాధనాలు కడతారు. తర్వాత 'క్రూట్' అనే ఆదేశంతో కొత్త వ్యవస్థ లోపలికి ప్రవేశించి, అసలు వ్యవస్థను మళ్లీ మొదటి నుంచి కడతారు. భవనానికి ముందు పరంజా కట్టి, పని అయ్యాక దాన్ని తీసేసినట్టన్నమాట. పరంజాలో లోపం ఉంటే అది గోడ దగ్గర బయటపడుతుంది. అందుకే లోపం కనిపించిన చోటు వేరు, లోపం పుట్టిన చోటు వేరు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే సగం పని అయినట్టే.

చివరి వరుస కాదు, మొదటి వరుస

కంపైల్ చేస్తుంటే తెరమీద వేల వరుసలు పరుగెడతాయి. ఆగిపోయినప్పుడు చివరన 'ఎర్రర్ 2' అని కనిపిస్తుంది. కొత్తవారు దాన్నే పట్టుకుని సాయం కోసం వెతుకుతారు. అయితే ఆ చివరి వరుస చెప్పేది 'కింద ఎవరో విఫలమయ్యారు, కాబట్టి నేనూ ఆగాను' అని మాత్రమే. అసలు కారణం పైన ఎక్కడో, మొట్టమొదటి తప్పు దగ్గర ఉంటుంది. ఒక్కోసారి ఆ రెంటికీ మధ్య వందల వరుసలు ఉంటాయి.

దీనికి కారణం ఉంది. ప్రాసెసర్‌లో నాలుగు కోర్లు ఉంటే 'మేక్' అనే సాధనం ఒకేసారి నాలుగు పనులు నడిపిస్తుంది. ఒక పని తప్పినా మిగతా మూడూ తాము చేస్తున్నది పూర్తిచేసి, తమ వరుసలను తెరమీద రాస్తాయి. తప్పు వాటి కింద కప్పడిపోతుంది. అందుకని అనుభవజ్ఞులు రెండు పనులు చేస్తారు. వచ్చే వరుసలన్నిటినీ ఒక ఫైల్‌లో భద్రపరుస్తారు. ఆ తర్వాత ఒకే ఒక్క పనితో 'మేక్'ను మళ్లీ నడిపిస్తారు. అప్పుడు తప్పు సరిగ్గా చివరన వచ్చి నిలబడుతుంది.

కంపైలింగుకు ముందే 'కన్‌ఫిగర్' దశలో ఆగిపోతే చూడాల్సిన చోటు వేరు. ఆ దశ యంత్రంలో ఏమేమి ఉన్నాయో చిన్న చిన్న ప్రయోగాలు చేసి తెలుసుకుంటుంది. ప్రతి ప్రయోగమూ, దాని ఫలితమూ 'కన్‌ఫిగ్.లాగ్' అనే ఫైల్‌లో నమోదవుతాయి. 'కంపైలర్ పనిచేయడం లేదు' అని తెరమీద ఒక ముక్క కనిపిస్తే, ఎందుకు పనిచేయడం లేదో ఆ ఫైల్‌లో పూర్తి వాక్యాల్లో ఉంటుంది.

పాత కంప్యూటర్లలో తరచుగా ఎదురయ్యే ఒక చిత్రమైన లోపాన్ని ఇక్కడ చెప్పుకోవాలి. మదర్‌బోర్డు మీద నాణెం ఆకారంలో ఉండే చిన్న బ్యాటరీ అయిపోతే, కరెంటు తీసి పెట్టిన ప్రతిసారీ యంత్రం గడియారం పాత తేదీకి వెళ్లిపోతుంది. 'మేక్' దేన్ని మళ్లీ కంపైల్ చేయాలో ఫైళ్ల తేదీలను పోల్చి నిర్ణయిస్తుంది. ఫైళ్ల తేదీలు భవిష్యత్తులో ఉన్నట్టు కనిపిస్తే దాని లెక్క తప్పుతుంది. గడియారం సరిచూసుకోమని, కట్టడం అసంపూర్తిగా ఉండవచ్చని హెచ్చరిక వస్తుంది. కోడ్‌లో లోపం కోసం రాత్రంతా వెతికినా దొరకదు. కొన్ని పదుల రూపాయల బ్యాటరీ మార్చి, తేదీ సరిచేసి, మూలకోడ్‌ను కొత్తగా విప్పి మొదలుపెడితే సరిపోతుంది. కరెంటు పోయి పని మధ్యలో ఆగినప్పుడు కూడా అంతే. సగం రాసిన ఫైళ్ల మీద కొనసాగించడం కన్నా ఆ ఫోల్డర్ తీసేసి మళ్లీ విప్పుకోవడం మేలు.

తప్పు చోటు మారుతూ ఉంటే

ఒకే ఆదేశం ఇచ్చాం. మొదటిసారి ఒక ఫైల్ దగ్గర ఆగింది. ఏమీ మార్చకుండా మళ్లీ ఇచ్చాం. ఈసారి ఆ ఫైల్ దాటి మరో ఫైల్ దగ్గర ఆగింది. ఇలాంటప్పుడు ఏం తేల్చాలి?

ప్రోగ్రాములో తప్పు ఉంటే అది ప్రతిసారీ ఒకే చోట రావాలి. చోటు మారుతోందంటే అనుమానించాల్సింది యంత్రాన్ని. మెమరీ చిప్పులో ఒక్క బిట్ అప్పుడప్పుడు తప్పుగా చదివినా కంపైలర్ కుప్పకూలుతుంది. మామూలు వాడకంలో అలాంటి చిప్పు నెలల తరబడి బయటపడకపోవచ్చు. కంపైలింగ్ మాత్రం మెమరీ అంతటినీ గంటల తరబడి వాడుతుంది కాబట్టి దాన్ని పట్టిస్తుంది. అనుమానం తీర్చుకోవడానికి 'మెమ్‌టెస్ట్86 ప్లస్' వంటి పరీక్షను ఒక రాత్రంతా నడపాలి.

రెండో అనుమానితుడు వేడి. రాయ్‌పూర్‌లో మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. ప్రాసెసర్ అన్ని కోర్లూ గంటల తరబడి పూర్తి బరువు మోస్తుంటే, దుమ్ము పట్టిన ఫ్యాను దాన్ని చల్లబరచలేదు. ప్రాసెసర్ తన వేగాన్ని తగ్గించుకుంటుంది. అప్పటికీ కుదరకపోతే యంత్రం తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఇదే కట్టడం తెల్లవారుజామున సాఫీగా సాగి, మధ్యాహ్నం ఆగిపోతోందంటే మూలకోడ్ జోలికి వెళ్లక్కర్లేదు. ఫ్యాను తుడవాలి.

మూడోది మెమరీ చాలకపోవడం. పెద్ద సి ప్లస్ ప్లస్ ప్రోగ్రాములు కట్టేటప్పుడు ఒక్కొక్క పనికి గిగాబైటుకు పైగా మెమరీ అవసరం కావచ్చు. ఒకేసారి ఎనిమిది పనులు నడిపితే 4 గిగాబైట్ల యంత్రం తట్టుకోలేదు. అప్పుడు కెర్నల్ ఏదో ఒక ప్రోగ్రామును బలవంతంగా ఆపేస్తుంది. తెరమీద 'కిల్డ్' అన్న ఒక్క మాటే కనిపిస్తుంది. 'డీమెసేజ్' ఆదేశంతో కెర్నల్ చిట్టా చూస్తే మెమరీ అయిపోయిందన్న సంగతి స్పష్టంగా రాసి ఉంటుంది. పనుల సంఖ్య తగ్గిస్తే ఆలస్యంగానైనా పూర్తవుతుంది.

కళ్ల ముందు ఉన్న ఫైల్ లేదంటుంది

ప్రోగ్రాము తప్పుల్లేకుండా కంపైల్ అయింది. నడపబోతే 'అలాంటి ఫైల్ గానీ డైరెక్టరీ గానీ లేదు' అంటుంది. చూస్తే ఫైల్ అక్కడే ఉంది. పేరు సరిగ్గానే ఉంది. అనుమతులూ ఉన్నాయి. ఈ చిక్కు చాలామందిని బెంబేలెత్తించింది.

జవాబు ఇది. లినక్స్‌లో చాలా ప్రోగ్రాములు ఒంటరిగా నడవవు. వాటికి కావలసిన లైబ్రరీలను వెతికి జతచేసే ఒక చిన్న ప్రోగ్రాము ముందుగా రంగంలోకి దిగాలి. దాన్ని డైనమిక్ లింకర్ అంటారు. అది ఎక్కడ ఉంటుందో ప్రతి ప్రోగ్రాము లోపలా పూర్తి చిరునామాతో రాసి ఉంటుంది. ఆ చిరునామాలో లింకర్ లేకపోతే కెర్నల్ 'ఫైల్ లేదు' అంటుంది. లేనిది లింకర్. మనం వెతికేది ప్రోగ్రాము కోసం.

'లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్' పుస్తకం ఈ ప్రమాదాన్ని ముందే ఊహించింది. కంపైలర్ కట్టగానే ఏమీ చేయని ఒక ఖాళీ ప్రోగ్రామును కంపైల్ చేసి, అందులో లింకర్ చిరునామా సరిగ్గా ఉందో లేదో 'రీడ్‌ఎల్ఫ్' అనే సాధనంతో చూడమంటుంది. ఒక్క నిమిషం పని. దాన్ని దాటవేసి ముందుకు వెళ్లినవారు, డజన్ల కొద్దీ ప్యాకేజీలు కట్టాక వెనక్కి రావాల్సి వస్తుంది.

లింకర్ ఉండి, లైబ్రరీ ఒకటి లేకపోతే సందేశం వేరుగా ఉంటుంది. అందులో లేని లైబ్రరీ పేరే ఉంటుంది. 'ఎల్‌డీడీ' ఆదేశం ఒక ప్రోగ్రాముకు కావలసిన లైబ్రరీల జాబితా ఇచ్చి, దొరకని వాటిని చూపిస్తుంది. లైబ్రరీ డిస్కులోనే ఉండి కూడా దొరకడం లేదంటే, కొత్తగా చేరిన సంగతి వ్యవస్థ పట్టికలోకి ఎక్కలేదన్నమాట. 'ఎల్‌డీకాన్ఫిగ్' నడిపితే ఎక్కుతుంది.

ఇక్కడ మరో జాగ్రత్త. కొత్త వ్యవస్థ ఏ ఫోల్డర్‌లో కట్టాలో చెప్పే 'ఎల్‌ఎఫ్‌ఎస్' అనే వేరియబుల్ ఒకటి ఉంటుంది. కంప్యూటర్ ఆపి మళ్లీ మొదలుపెట్టాక అది ఖాళీ అయిపోవచ్చు. ఖాళీగా ఉండగా రూట్ అధికారంతో ఆదేశాలు ఇస్తే, కొత్త వ్యవస్థకు వెళ్లాల్సిన ఫైళ్లు నడుస్తున్న పాత వ్యవస్థ మీద పడతాయి. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే అవుతుంది. ప్రతిసారీ పని మొదలుపెట్టే ముందు ఆ విలువను ఒకసారి తెరమీద చూసుకోవడం మంచి అలవాటు.

నల్ల తెర మీద రెండు అంకెలు

అన్నీ కట్టాం. కెర్నల్ కూడా సిద్ధం. కంప్యూటర్‌ను కొత్త వ్యవస్థతో మొదలుపెడితే కొన్ని వరుసలు వచ్చి, 'కెర్నల్ పానిక్' అని ఆగిపోయింది. రూట్ ఫైల్ వ్యవస్థను తెరవలేకపోయానని, 'అన్‌నోన్ బ్లాక్' అని, దాని పక్కన రెండు అంకెలు వేసి చెబుతుంది. చాలామంది ఇక్కడే నిరాశపడి అంతా తుడిచి మళ్లీ మొదలుపెడతారు. నిజానికి పరిష్కారం ఆ రెండు అంకెల్లో ఉంది.

అవి 0, 0 అయితే తనకు చెప్పిన డిస్కు కెర్నల్‌కు కనిపించలేదని అర్థం. అంటే డిస్కు కంట్రోలర్‌కు కావలసిన డ్రైవర్‌ను కెర్నల్‌లో కలపలేదు. లేదా బూట్ లోడర్ ఫైల్‌లో డిస్కు పేరు తప్పు రాశాం. అవి 8, 2 లాగా ఉంటే డిస్కు కనిపించింది, అందులో రెండో విభాగమూ కనిపించింది. దాని మీద ఉన్న ఫైల్ వ్యవస్థను చదవడం మాత్రం కెర్నల్‌కు చేతకాలేదు. ఈక్స్‌ట్4 వంటి ఫైల్ వ్యవస్థ మద్దతును కెర్నల్‌లో కలపడం మరిచి ఉంటాం, లేదా వేరే విభాగం పేరు ఇచ్చి ఉంటాం. రెండింటికీ చికిత్స వేరు.

తరచుగా జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. డ్రైవర్‌ను కెర్నల్‌లో కలపకుండా విడి మాడ్యూల్‌గా కడతారు. ఆ మాడ్యూల్ డిస్కు మీద ఉంటుంది. డిస్కు తెరవాలంటే ఆ మాడ్యూల్ కావాలి. పెట్టె తాళంచెవి పెట్టెలోనే పెట్టి తాళం వేసినట్టు అవుతుంది. సిద్ధంగా దొరికే లినక్స్‌లు 'ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్' అనే చిన్న తాత్కాలిక ఫైల్ వ్యవస్థతో ఈ చిక్కును దాటుతాయి. అది లేకుండా కట్టుకున్నవారు అవసరమైన డ్రైవర్లను కెర్నల్‌లోనే కలపాలి. డిస్కును గుర్తించడంలోనూ ఇదే తేడా. డిస్కు విభాగానికి ఉండే 'పార్ట్‌యూయూఐడీ'ని కెర్నల్ స్వయంగా అర్థం చేసుకుంటుంది. ఫైల్ వ్యవస్థకు ఉండే 'యూయూఐడీ' మాత్రం ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ సాయం లేకుండా దానికి తెలియదు.

ఇలాంటి సందర్భంలో తుడిచిపెట్టడం అవసరం లేదు. పెన్‌డ్రైవ్‌లోని మరో లినక్స్‌తో కంప్యూటర్‌ను మొదలుపెట్టి, మన విభాగాన్ని తెరిచి, క్రూట్‌తో లోపలికి వెళ్లి కెర్నల్‌ను మాత్రం సరిచేసుకోవచ్చు. పాత కెర్నల్ ఒకటి బూట్ జాబితాలో ఎప్పుడూ మిగిల్చుకుంటే ఆ శ్రమ కూడా తప్పుతుంది.

తెలుగు అక్షరాలు డబ్బాలుగా మారితే

వ్యవస్థ లేచింది. తెలుగు పేరున్న ఫైల్ తెరిస్తే ప్రశ్నార్థకాలు, డబ్బాలు, విరిగిన ఒత్తులు. మూడు భాషల ఇంటికి అసలు పరీక్ష ఇదే. ఇక్కడ 'తెలుగు రావడం లేదు' అన్న ఒక్క ఫిర్యాదు వెనుక కనీసం నాలుగు వేర్వేరు లోపాలు దాగి ఉంటాయి. కనిపించే రూపాన్ని బట్టి వాటిని వేరుచేయవచ్చు.

'స్త్రీ' అనే మాట తీసుకుందాం. కంటికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో మాత్రం స, విరామ చిహ్నం, త, విరామ చిహ్నం, ర, ఈకారం గుర్తు అనే 6 సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కాబట్టి మొత్తం 18 బైట్లు. ఈ 18 బైట్లు తెరమీద 'స్త్రీ'గా మారే దారిలో ఒక్కో మజిలీని ఒక్కో భాగం చూసుకుంటుంది.

అక్షరాల బదులు ప్రశ్నార్థకాలో, అంకెల గొలుసులో వస్తే తప్పు లోకేల్‌లో ఉంది. మూలకోడ్ నుంచి కట్టినప్పుడు తెలుగు లోకేల్ దానంతటది తయారవదు. 'లోకేల్‌డెఫ్' అనే ఆదేశంతో తెలుగుకు, హిందీకి, ఛత్తీస్‌గఢీకి విడివిడిగా తయారుచేసుకోవాలి, లేదా అన్ని భాషలవీ ఒకేసారి కట్టించాలి.

ఖాళీ డబ్బాలు వస్తే బైట్లు సరిగ్గానే చేరాయి, బొమ్మలు లేవు. అంటే ఫాంట్ లేదు. తెలుగు అక్షరాలున్న ఫాంట్లేవో చూపమని 'ఫాంట్‌కాన్ఫిగ్'ను అడిగితే జాబితా ఖాళీగా వస్తుంది. పోతన, లోహిత్ తెలుగు, నోటో వంటి ఫాంట్లలో ఏదో ఒకటి చేర్చితే డబ్బాలు పోతాయి.

అక్షరాలు కనిపిస్తూ, ఒత్తులు కిందికి చేరకుండా విరామ చిహ్నంతో విడివిడిగా నిలబడితే ఫాంట్‌ను తప్పుపట్టేముందు 'హార్ఫ్‌బజ్'ను చూడాలి. ఏ సంకేతాలు కలిసి ఏ రూపం తీసుకోవాలో ఫాంట్‌లోని నియమాలు చదివి అమర్చేది అదే. దీన్ని కట్టడంలో ఒక చిక్కు ఉంది. ఫాంట్ బొమ్మలు గీసే 'ఫ్రీటైప్'కు హార్ఫ్‌బజ్ కావాలి. హార్ఫ్‌బజ్‌కు ఫ్రీటైప్ కావాలి. చెట్టు ముందా, విత్తు ముందా అన్న ప్రశ్న! పరిష్కారం సులువైనదే. ముందు హార్ఫ్‌బజ్ లేకుండా ఫ్రీటైప్ కట్టాలి, తర్వాత హార్ఫ్‌బజ్ కట్టాలి, ఆపైన ఫ్రీటైప్‌ను మళ్లీ కట్టాలి.

నాలుగోది అసలు లోపమే కాదు. బొమ్మల డెస్క్‌టాప్ మొదలవకముందు కనిపించే నల్లని అక్షరాల తెరలో తెలుగు రాదు. లినక్స్ కెర్నల్ కన్సోల్ గరిష్ఠంగా 512 అక్షర రూపాలను మాత్రమే ఒకేసారి వాడగలదు. సంయుక్తాక్షరాలను అమర్చే ఏర్పాటు అందులో లేదు. అక్కడ తెలుగు కనిపించలేదని లోకేల్‌ను పదిసార్లు మళ్లీ కట్టినా ప్రయోజనం ఉండదు. ఏది లోపమో, ఏది పరిమితో తెలుసుకోవడం కూడా లోప నిర్ధారణలో భాగమే.

16,384 మార్పుల్లో ఒక్కటి

నిన్న పనిచేసింది, కొత్త కెర్నల్ వేశాక సౌండ్ రావడం లేదు. రెండు కూర్పుల మధ్య వేల మార్పులు జరిగాయి. తప్పు ఏ మార్పుతో వచ్చింది? ఒక్కొక్కటీ పరీక్షిస్తే ఏళ్లు పడుతుంది. నిఘంటువులో పదం వెతికే పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. సరిగ్గా మధ్యలో ఉన్న మార్పు వరకు కెర్నల్ కట్టి చూడాలి. సౌండ్ వస్తే తప్పు రెండో సగంలో ఉంది. రాకపోతే మొదటి సగంలో. ఆ సగాన్ని మళ్లీ సగం చేయాలి. 16,384 మార్పులున్నా 14 పరీక్షల్లో దోషి దొరుకుతుంది. మూలకోడ్ చరిత్రను భద్రపరిచే 'గిట్'లో దీనికి 'బైసెక్ట్' అనే ఆదేశమే ఉంది. మూలకోడ్ అందుబాటులో ఉంటేనే ఈ పరీక్ష వీలవుతుంది.

దీనికి ఒక షరతు ఉంది. ఒకసారి ఒక్కటే మార్చాలి. ఫాంటూ, లోకేలూ, కెర్నలూ ఒకేసారి మార్చి సమస్య పోతే, ఏది పోగొట్టిందో తెలియదు. రేపు అదే సమస్య తిరిగివస్తే మళ్లీ చీకట్లో తడుముకోవాలి. చేసిన ప్రతి మార్పునూ, దాని ఫలితాన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకునేవారు రెండోసారి ఆ గంటలు పోగొట్టుకోరు.

అర సెకను ఆలస్యం

ఈ పద్ధతి ఎంత దూరం తీసుకువెళుతుందో 2024లో ప్రపంచం చూసింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌పై పనిచేసే ఇంజనీరు. తన పరీక్షా యంత్రంలోకి దూరం నుంచి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని, ప్రాసెసర్ వాడకం పెరిగిందని గమనించాడు. చాలామంది పట్టించుకోని విషయం. అతను దాని వెంట పడ్డాడు. దారి 'ఎక్స్‌జెడ్' అనే ఫైళ్లను కుదించే లైబ్రరీ దగ్గర తేలింది. దాని 5.6.0, 5.6.1 కూర్పుల్లో ఎవరో దొంగదారి పెట్టారు. 2024 మార్చి 29న ఆయన ఈ సంగతిని బహిరంగంగా ప్రకటించాడు.

ఇందులో మూలకోడ్ నుంచి కట్టేవారికి ఒక ప్రత్యేక పాఠం ఉంది. ఆ దొంగదారిని తెరిచే సూచన, అందరూ చూసే గిట్ భాండాగారంలో లేదు. డౌన్‌లోడ్ కోసం ఉంచిన మూలకోడ్ కట్టలోని, కట్టే విధానాన్ని నిర్దేశించే ఫైల్‌లో మాత్రమే ఉంది. హానికరమైన భాగాన్ని పరీక్షల కోసమన్నట్టు పెట్టిన ఫైళ్లలో దాచారు. కాబట్టి మూలకోడ్ నుంచి కట్టినంత మాత్రాన నమ్మకం దానంతటది రాదు. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ 1984లో ప్రచురితమైన తన ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలోనే ఇంకా లోతుకు వెళ్లాడు. కంపైలరే చెడినదైతే, మూలకోడ్ ఎంత శుభ్రంగా ఉన్నా ఫలితం శుభ్రంగా ఉండదని చూపించాడు.

మరి మూలకోడ్ ఇచ్చే లాభం ఏమిటి? ఒక ఇంజనీరుకు అనుమానం వచ్చినప్పుడు తలుపు తెరిచి లోపలికి వెళ్లి చూడగలగడం. ఫ్రాయిండ్‌కు ఆ తలుపు మూసి ఉంటే, అర సెకను ఆలస్యం అర సెకనుగానే మిగిలిపోయేది.

ఎవరికి ఉపయోగం?

రోజువారీ పనికి ప్రతి ఒక్కరూ లినక్స్‌ను మూలకోడ్ నుంచి కట్టుకోనక్కర్లేదు. సీడాక్ తయారుచేసిన బాస్ వంటి సిద్ధమైన లినక్స్‌లు భారతీయ భాషలతో సహా దొరుకుతున్నాయి. అయితే ఒక్కసారి కట్టి, నాలుగైదు లోపాలు స్వయంగా కనిపెట్టిన విద్యార్థికి ఆ తర్వాత ఏ కంప్యూటర్ సమస్యా మంత్రతంత్రంలా తోచదు. ఖర్చు కూడా తక్కువే. పక్కన పడేసిన పాత డెస్క్‌టాప్, పెన్‌డ్రైవ్‌లో ఒక లినక్స్, ఓపిక ఉంటే చాలు.

చిన్న భాషలకు ఇది మరీ ముఖ్యం. తెలుగు ఒత్తు ఒకటి తప్పుగా వస్తోందనో, ఛత్తీస్‌గఢీలో వారం పేరు తప్పుందనో మొదట గమనించేది ఆ భాష మాట్లాడేవారే. 'నా కంప్యూటర్‌లో తెలుగు సరిగ్గా లేదు' అన్న ఫిర్యాదుతో దూరాన ఉన్న ప్రోగ్రామర్ ఏమీ చేయలేడు. 'లోకేల్ సరిగ్గా ఉంది, ఫాంట్ ఉంది, హార్ఫ్‌బజ్ ఫలానా కూర్పు నుంచి ఈ సంయుక్తాక్షరం విరుగుతోంది, అంతకుముందు కూర్పులో బాగుంది' అని రాస్తే ఆ లోపాన్ని సరిదిద్దే పని వెంటనే మొదలవుతుంది. అలాంటి నివేదిక గుఢియారీ నుంచి వెళ్లినా, గుంటూరు నుంచి వెళ్లినా దాని విలువ ఒక్కటే. అది సరిదిద్దిన మూలకోడ్ తర్వాతి కూర్పులో చేరి, తెలుగు చదివే ప్రతి లినక్స్ యంత్రానికీ అందుతుంది.